ఆదివారం బడి

భూపాలపల్లి,
6 నవంబర్ 2011.

సంధ్యక్కా,

ఈ ఉత్తరం ఇయ్యాలనే ఎందుకు రాస్తున్ననో ముందే చెప్త. ఈ నెలాఖరుకు నేను రాజీనామా ఇయ్యాలనుకుంటున్న. ఇచ్చినంక నీకు తెలిస్తే జన్మల నాతోటి మాట్లాడవు. అందుకే ముందు రాస్తున్న. ఫోన్ల చెప్పొచ్చు గని, ‘అక్కా’ అనంగనే ఏడుస్త, నువ్వు జనగామల బస్సెక్కుతవు. రావద్దు. చదువు, చాలు.

ఇయ్యాల ఆదివారం. అయినా బడికి పోయి వచ్చిన. సకల జనుల సమ్మెల పోయిన దినాలకు బదులు ఆదివారాలు కూడ బడి నడపాలె గద. దాని మీద నాకు కోపం లేదు. సమ్మె చేసింది మనమే, పిల్లల చదువు ఆగింది నిజమే. కని మీ బడిల నలుగురు టీచర్లున్నరు. ఇప్పకుంట తండాల నేనొక్కదాన్నే. ఐదు తరగతులు, ఒకటే గది, ఒకటే వరండా. ఒకటో తరగతికి అక్షరం దిద్దిస్తుంటె ఐదో తరగతి కొట్లాట మొదలుపెడుతది. వాళ్లను ఆపి వచ్చేసరికి ఒకటో తరగతి చింతచెట్టు కాడ ఉంటది. నడుమల పిల్లల అన్నంల గుడ్ల లెక్క, ఓటర్ల లిస్టు, మండలం ఆఫీసు అడిగే కాగితాలు. ఇవి చాలవన్నట్టు, తండాల ఎవరికి దవాఖాన చీటీ ఇచ్చినా, బ్యాంకు కాగితం వచ్చినా చదివించుకునేతందుకు బడికే వస్తరు. “మన లంబాడోళ్ల పిల్లనే టీచరమ్మ అయింది” అని సంబురపడుకుంట వస్తరు. పొండ్రి అని ఎట్లంట?

ఇవన్నీ ఏడాది నుంచి ఉన్నయే. ఎట్లనో మోసిన. ఇప్పుడొచ్చిన బాధ వేరు. సమ్మె ఆగి బడి తెరిచిన కాన్నుంచి పిల్లలు వస్తలేరు. ముప్పై మందిల ఐదారుగురు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇంటింటికి తిరుగుతున్న. “జరమొచ్చింది టీచర్.” “మేనత్త కాడికి పోయింది.” “జర పత్తి ఏరుడు అయినంక పంపుతం.” మంచం వాల్చి కూసోబెడుతరు, నీళ్లిస్తరు, నవ్వుతరు. పిల్లను మాత్రం పంపరు. నా చదువు వాళ్లకు నచ్చలేదని అర్థమైంది. ఏం చేస్తె నచ్చుతదో తెలుస్తలేదు. పాటలు కట్టిన, బొమ్మలు గీసి గోడలకు అంటించిన, ఆదివారం ఇంటి నుంచి బిస్కెట్లు తీస్కపోయిన.

పొద్దున బడి తాళం తీయకుండ వరండాలనే జరసేపు కూసుంటున్న. అన్నం సయిస్తలేదు. మొన్న మూడో తరగతి నీలి, గొర్లు కాసే పోశాలు మనుమరాలు, పలక కింద పడేసింది. కొట్టిన. వచ్చే ఐదుగురిల ఒకదాన్ని, అక్కా. అది ఏడువలేదు. నన్నే చూసింది.

మా ఇంట్ల బడి గడప తొక్కిన మొదటిదాన్ని నేను. బడి నుంచి పారిపోయినదాన్ని కూడ నేనే అయితననిపిస్తున్నది.

నీ
జమ్లీ

•

జనగామ,
10 నవంబర్ 2011.

ఓ రాజీనామా దొరసానీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. ఒకసారి నిన్ను తిట్టుకుంట, ఒకసారి ఊకెనె. హన్మకొండల మనమున్న రూముల నువ్వు పరీక్షకు ముందు కూడ ఇట్లనే అనేదానివి. “అక్కా, నాకేం రాదు, ఇంటికి పోత” అని మూట కట్టుకునేదానివి. మూట నేను విప్పేదాన్ని. ఈసారి జర దూరమున్న, అంతే.

ముందు ఒకటి చెప్పు. ఐదు తరగతులకు ఐదుసార్లు ఎందుకు చెప్తున్నవ్? ఒకటి, రెండు కలిపి ఒక గుంపు చెయ్యి. మూడు, నాలుగు, ఐదు ఇంకో గుంపు. ఒక గుంపుకు నువ్వు చెప్తుంటె ఇంకో గుంపు రాస్తది. ఎవరి పాఠం వాళ్లకే విడిగ చెప్పాల్నని నీకు ఎవరు చెప్పిండ్రు? రెండోది, గుడ్లు నువ్వెందుకు మోస్తున్నవ్? వంట చేసే మోతీబాయి ఉన్నది గద. మూడోది, ఆఫీసు కాగితాలు రోజు రోజు ముట్టకు. వారంల ఒక పూట పెట్టుకో. కాగితం ఆగుతది, అది ఏడువది.

నీలిని పిలిచి తప్పయిందని చెప్పు. టీచర్ తప్పయిందంటె పిల్లలు మరిచిపోతరు. అనకపోతేనె యాదుంచుకుంటరు.

సమ్మెల నీ తండా ఎట్లుండెనో నువ్వు నాకు రాయనే లేదు. మా దగ్గర రోడ్డు మీదనే వంటావార్పు పెట్టినం, నేను పదికిలోల ఉప్మా ఆగం చేసిన. ఇప్పటికి మా సార్లు పలకరిస్తె “మేడం, ఉప్మా” అనే అంటరు. నీ ముచ్చట రాయి.

నా సంగతా? బాగనే ఉన్న. అక్షరాలు వంకర పోయినయని పట్టించుకోకు, మంచం మీద కూసోని రాస్తున్న.

సంధ్య

•

భూపాలపల్లి,
15 నవంబర్ 2011.

అక్కా,

నువ్వు చెప్పినట్టు గుంపులు చేసిన. ఉపాయం మంచిదే, గుంపులే లేవు. ఇయ్యాల ఒకటి, రెండు గుంపుల ఇద్దరు, పెద్ద గుంపుల ముగ్గురు. అందరు పోశాలు ఇంటి పిల్లలే. ఆయన, ఆయన తమ్ముడు, వాళ్ల పిల్లలు తండా చివర ఉంటరు, గొర్లమందతోటి అడవులల్ల తిరుగుతరు. లంబాడోళ్ల పిల్ల ఒక్కతి రాలేదు. నా సొంతోళ్లే నన్ను వద్దనుకుంటాండ్రు.

నీలికి తప్పయిందని చెప్పిన. “పలక నాది కాదు టీచర్, మా అన్నది” అన్నది. ఇద్దరం నవ్వినం. నెల రోజులల్ల నేను నవ్వింది గదొక్కసారే.

సమ్మె ముచ్చట అడిగినవు. రాయకుండ ఎందుకున్ననంటె, యాద్కొస్తె ఇప్పటి బాధ ఇంక ఎక్కువైతదని. కని రాస్త. ఆ దినం అంత మంచి దినం నా నౌకరిల ఇంకోటి లేదు.

సమ్మె మొదలైనప్పుడు మా సంఘం చంద్రమోహన్ సార్ ఒక ప్రతిజ్ఞ కాగితం ఇచ్చి, ఎవరి ఊళ్లె వాళ్లు చదివించుండ్రి అన్నడు. తండాల అందరిని పిలిచిన. తెలుగుల చదువుడు మొదలుపెట్టంగనే లచ్చిరాం నాయక్ చేయి అడ్డం పెట్టిండు. మా తండాకు పెద్ద ఆయనే. “కాగితం పక్కకు పెట్టు బిడ్డా. మన మాటల చెప్పు, సేవాలాల్ జెండా కింద చెప్పు” అన్నడు. మేం మొక్కే ఆ జెండా కిందికి పోయినం. నేను మా గోర్ బోలిల అన్న, “తెలంగాణ వచ్చేదాక నేను బడి తెరువ, మీరు పిల్లలను పంపొద్దు” అని. చేయి చాపమన్నడు. నా చేయి మీద ఆయన చేయి పెట్టిండు. తర్వాత మోతీబాయి, తర్వాత ఇంటికొకరు వచ్చి పెట్టిండ్రు. అందరికి బెల్లం పంచిండ్రు. పోశాలు ఇంటోళ్లు గొర్లమందతోటి పోయి ఉన్నరు, తండాల మిగిలినోళ్లు ఒక్కరు తప్పలే. అక్కా, ఆ దినం నన్ను టీచర్ అనలే, “మన బిడ్డ” అన్నరు. నేను హాస్టల్ల పెరిగినదాన్ని గద, అట్ల పిలిపించుకునుడు నాకు కొత్త.

గా చేతులే ఇప్పుడు పిల్లలను దాస్తున్నయి.

రేపటి నుంచి వారం దినాలు లీవు పెట్టి ఇంటికి పోతున్న. మా యాడి ఫోన్ చేసి, “గొంతు ఏందట్లున్నది, వచ్చిపో” అన్నది. అమ్మ గద, దాయలేకపోయిన. కేసముద్రం దగ్గరి మా తండా అడ్రసుకు రాయి.

జమ్లీ

•

జనగామ,
18 నవంబర్ 2011.

జమ్లీ,

ఈసారి నీకు ఉపాయాలు రాయ.

పోయిన ఉత్తరంల బాగనే ఉన్న అన్న. లేను. దీపావళి అయిన వారానికి బోర్డు మీద లెక్క రాస్తుంటె కండ్లు చీకట్లయినయి. పడిపోయిన. పిల్లలు అరిచిండ్రట, శిరీష ఉరికొచ్చిందట. నువ్వెరుగవు, కొత్తగ వచ్చిన టీచరు. నాకు దవాఖానల తెలివొచ్చింది. బీపీ పెరిగిందన్నరు. అప్పటిసంది మంచం మీదనే ఉన్న. నీకు రాసిన ఉపాయాలన్ని ఆ మంచం మీద నుంచే రాసిన.

నలుగురు టీచర్లున్నరని రాసినవు గద. ఉన్నరు. కని హెడ్మాస్టర్ పని, వంట లెక్క, పిల్లల స్కాలర్‌షిప్పులు, ఆదివారం బడి అన్నీ నేనే పెట్టుకున్న. ఎవరన్న అడిగితె “నువ్వు చేస్తె తప్పులు పోతయి తియ్యి” అనేదాన్ని. గుడ్లు మోయకు అని నీకు చెప్పిన. నా బడిల గుడ్ల ట్రేలు నేనే దించేది.

అందుకని నిన్ను ఆపను. ఇంటికాడ రెండు దినాలు కడుపునిండ తిను, పండు. అప్పటికి కూడ రాజీనామా ఇయ్యాల్ననే అనిపిస్తె ఇయ్యి. నేను నిన్నేమి అనను. నౌకరి పోతె ఇంకోటి చూసుకోవచ్చు. నా లెక్క పడిపోకు.

సంధ్య

•

కేసముద్రం,
21 నవంబర్ 2011.

అక్కా,

నీ ఉత్తరం పత్తి కుప్ప మీద కూసోని చదివిన. చదివి శానసేపు ఏడ్చిన. బాపు మార్కెట్‌కు పత్తిని బోరెలల్ల తొక్కుతున్నడు. “ఏమైంది, ఎవరు పోయిండ్రు?” అని ఉరికొచ్చిండు. ఎవరు పోలేదు బాపూ, మా అక్కకు పానం బాగలేదు అన్న. నువ్వు ముందే చెప్పాల్సింది. నేను నీ మీద బరువు పెట్టిన, నువ్వు పడిపోయి ఉండి మోసినవు. దీనికి వేరే కొట్లాడుత, ఇప్పుడు కాదు. ఇప్పుడు ఒక సంగతి జరిగింది, అది చెప్పాలె.

నిన్న యాడి నా తలకు నూనె పెట్టుకుంట అన్నీ అడిగింది. బడి, పిల్లలు, జరాలు, మేనత్తలు అన్నీ చెప్పిన. ఊకొట్టుకుంట విన్నది. వీళ్లే ఒకప్పుడు నా మీద ఎంత ప్రేమ పెట్టుకున్నరో చూడు అని, జెండా కింద చేతులు పెట్టిన ముచ్చట కూడ చెప్పిన. యాడి చేయి నా తల మీదనే ఆగింది.

“తెలంగాణ వచ్చిందా?” అన్నది.

“రాలే యాడీ.”

“మరి బడి ఎందుకు తెరిచినవ్?”

“సమ్మె ఆపిండ్రు గద. పేపర్ల వచ్చింది.”

“మాట పేపర్ల ఇచ్చినవా, తండాల ఇచ్చినవా?”

నాకు సమజ్ కాలే. యాడి లేచి నా ముందట కూసున్నది. “బెల్లం తిన్నరా?” అన్నది. తిన్నం అన్న. నెత్తి మీద చేయి పెట్టుకున్నది. “పిచ్చిదానా! బెల్లం తిన్నంక ఆ మాట దాటరాదు. నువ్వు మాట తప్పినవ్. వాళ్లు తప్పలే. పిల్లలను పంపిండ్రనుకో, నువ్వు బడి తెరిచినట్టు. పంపకపోతె ఏందన్నట్టు? నువ్వు ఉత్తగ తాళం తీసి గాలికి కూసున్నట్టు. నీ మాట నిలబడ్డట్టే. ఆడపిల్ల ఇజ్జత్ పోవద్దని పిల్లలను ఇండ్లల్ల కట్టేసుకున్నరు వాళ్లు!”

“అట్లయితె నాతోటి చెప్పొచ్చు గద?”

“ఏమని చెప్తరు? మాట తప్పినవని నీ మొహం మీద అంటరా? అందుకె జరమంటరు.”

బాపు పత్తిల నుంచి అన్నడు, “ఆరేండ్ల పిల్లను హాస్టల్ల ఏస్తిమి. పుస్తకాలన్ని వచ్చినయి, గిది ఒక్కటి రాలే. దానికేం ఎరుక!” ఇద్దరు నవ్వుడు. నేను నవ్వాల్నా ఏడువాల్నా తెలుస్తలేదు.

అక్కా, ఆ దినం నేనన్నది నాకు నినాదం లెక్క ఉండె. రోడ్డు మీద ఎన్ని అనలేదు మనం! వాళ్లు మాట లెక్క పట్టుకున్నరు.

కని ఇది యాడి ఊహనే. నిజమో కాదో నాయక్‌ను అడగాలె. అడగాల్నంటె భయమైతున్నది. ఆయన “కాదు బిడ్డా, నీ చదువే మాకు నచ్చలే” అంటె నేను ఇగ అక్కడ ఒక్క దినం ఉండలేను. రేపు భూపాలపల్లి పోతున్న.

జమ్లీ

•

జనగామ,
24 నవంబర్ 2011.

జమ్లీ,

కార్డు మీద జాగ లేదు, తొందరగ చెప్త. నవ్వి నవ్వి పక్కలు నొచ్చినయి. మా ఆయన శ్రీపాల్ వచ్చి “బీపీ” అన్నడు. డాక్టర్ నవ్వొద్దనలేదు అన్న. మీ యాడికి నా దండాలు. పో, అడుగు. కాదంటె రాజీనామా నీ చేతుల్నే ఉంటది, ఎటూ పోదు. అడగకుండ మాత్రం ఇయ్యకు.

వచ్చే నెల ఐదో తారీఖు సోమవారం నుంచి నన్ను బడికి పొమ్మన్నరు. శిరీష ఫోన్ చేసి, “మీరు లేక ఏ పని అయితలేదు మేడం” అన్నది. వినంగనే సంబురమైంది. ఫోన్ పెట్టేసినంక ఆ పనులన్ని యాద్కొచ్చి బీపీ గోలి వేసుకున్న.

సంధ్య

•

ఇప్పకుంట తండా,
4 డిసెంబర్ 2011.

సంధ్యక్కా,

ఇది బడిలనే కూసోని రాస్తున్న. ఆదివారం, బడి నడుస్తున్నది. నేను ఉత్తరం రాస్తున్న. ఎట్ల అంటవా? చెప్త.

నాయక్ ఇంటికి పోయిన. మోతీబాయి అక్కడనే పప్పు ఏరుతున్నది, ఆయనకు కోడలు. ఎట్ల మొదలుపెట్టాల్నో తెల్వక, “తాతా, పిల్లలకు జరాలు తగ్గినయా?” అన్న.

“ఏడ తగ్గినయి బిడ్డా, మొండి జరాలు” అన్నడు చుట్ట దిక్కు చూసుకుంట.

“నేనిచ్చిన మాటకు వచ్చిన జరాలేనా?”

ఆయన చుట్ట నోట్లకెల్లి తీసిండు. మోతీబాయి చాట కింద పడేసి లేచింది. “అడిగింది! అమ్మయ్య, అడిగింది! నెలన్నర నుంచి నోరు కుట్టుకోని వండుతాన టీచర్. ముప్పై మందికి వండేదాన్ని ఐదుగురికి వండుతాన, ఖాళీ గిన్నెలు చూసి రోజూ ఏడుస్తాన!” అన్నది. నాయక్ అన్నడు, “జరం జరం అని చెప్పీ చెప్పీ నాకే జరం పట్టేటట్టున్నది. నువ్వు అడగవేంది, నువ్వు అడిగితె గద మేం చెప్పేది!”

అక్కా, యాడి చెప్పింది అక్షరం తప్పలే. పక్క తండోళ్లు అడిగితె, “మా బడి తాళం తీసుంటది గని నడువది, మా పిల్ల మాట మీదనే ఉన్నది” అని చెప్పుకున్నరట. నేను ఇంటింటికి తిరుగుతుంటె వాళ్లకు గుండె తరుక్కుపోయేదట. “ఎందుకు గింత తిరుగుతాంది, మాట మరిచిందా ఏంది?” అని ఒకరి మొహం ఒకరు చూసుకునేటోళ్లట. నా చదువు నచ్చక కాదు. కింద పడ్డ పప్పు మోతీబాయితోటి కలిసి ఏరిన. అంత అలకగ నేను ఎన్నడు లేను.

మరునాడు అందరు జెండా కింద కూడిండ్రు. పెద్ద లొల్లి అయింది. “తెలంగాణ రాకముందే మాట ఎట్ల విడుస్తం?” అని ఒకడు. “పెద్ద పెద్ద సంఘాలోళ్లే ఆపిండ్రు గద” అని ఇంకొకడు. “వాళ్లు ఆపితె మాకేంది, వాళ్లు మన బెల్లం తిన్నరా?” అని ఒక ముసలమ్మ. ఆఖరుకు నాయక్ అన్నడు, “మాట ఈ పిల్ల నోట్లకెల్లి వచ్చింది గని చేతులు అందరం పెట్టినం. అందరం కలిసి పెట్టినదాన్ని అందరం కలిసి మార్చుకోవచ్చు.” మార్చుకున్నం. తెలంగాణ వచ్చేదాక కొట్లాడుతం, బడి మాత్రం నడుపుతం. మళ్ల బెల్లం పంచిండ్రు.

అందరు లేస్తుంటె నాయక్ నన్ను ఆపిండు. “ఆదివారం కూడ బడి అంటివి. ఎందుకు?” అన్నడు. సమ్మెల పోయిన దినాలకు బదులు చేయాలె తాతా అన్న.

“ఆ సమ్మె నువ్వొక్కదానివే చేసినవా?”

“కాదు, అందరం చేసినం.”

“మరి బదులు నువ్వొక్కదానివే ఎందుకు చేస్తానవ్? చేతులు అందరియి పెట్టించుకొని, బరువు ఒక్కదానివే ఎత్తుకుంటివి. మాకు ఆ బరువుల పాలు లేదా?”

రూలు ప్రకారం నేనే ఉండాలె అన్న. “ఉండు, ఎవరొద్దన్నరు? నువ్వుండు, మేం కూడ ఉంటం” అన్నడు.

ఇప్పుడు ఆదివారం ఒక ఇంటిది వంతు. వంతు ఉన్నోళ్లు పొద్దున పిల్లలందరిని తోలుకొస్తరు, నేను తిరుగుడు లేదు. ఒకరు చిన్న గుంపు దగ్గర కూసుంటరు. నేను పెద్ద గుంపుకు చెప్పుకుంట, నడుమ నడుమ ఇటు వచ్చి చూస్త. గుడ్లు, నీళ్లు, ప్లేట్లు మోతీబాయి చూసుకుంటది, లెక్క వారంల ఒక్కసారి ఇద్దరం కూసోని రాస్తం. దవాఖాన చీటీలు, బ్యాంకు కాగితాలు శనివారం బడి విడిచినంకనే. ఇది నాయక్ పెట్టిన కట్టు. మొన్న ఒకాయన మంగళవారం కాగితం పట్టుకొని వచ్చిండు. నేను చదువుదామని చేయి చాపిన, ఏడాది నుంచి అలవాటు గద. మోతీబాయి గరిటె పట్టుకొని అడ్డం వచ్చింది. “శనివారం, అన్నా!” అన్నది. ఆయన నవ్వుకుంట పోయిండు. ఎవరు చచ్చిపోలే, అక్కా. ఒక్కరు కూడ కోపం కాలే.

ఇయ్యాల వంతు ఆ బెల్లం ముసలమ్మది. ఒకటో తరగతికి పత్తిగింజలతోటి లెక్కలు చెప్తున్నది. ఇరవై దాటినంక ఆమెకు తప్పుతది. పిల్లలు “కాదవ్వా, కాదవ్వా” అని అరిచి మళ్ల ఒకటి నుంచి మొదలుపెట్టిస్తున్నరు. పొద్దటి నుంచి ఎన్నిసార్లు ఇరవై దాక పోయిండ్రో. నేను నేర్పిస్తె ఇంత సంబురంగ ఎన్నడు లెక్కపెట్టలే. పెద్ద గుంపు వ్యాసం రాస్తున్నది, నేను నీకు రాస్తున్న. అలసట లేదని కాదు. సాయంత్రానికి కాళ్లు గుంజుతయి, గొంతు బొంగురు పోతది. కని పండుకుంటె నిద్రొస్తున్నది, ఆకలైతున్నది. రాజీనామా పట్టుకొని మండలం ఆఫీసుకు పోలే. ఇగ పోను.

ఇప్పుడు నీ ముచ్చట. రేపు సోమవారం. నువ్వు బడికి పోతవు. ఈ ఉత్తరం అందేటాలకు అన్ని పనులు నీ బల్ల మీదికి వచ్చి ఉంటయి. నువ్వు అన్నీ ముందటేసుకొని కూసుంటవు, నాకు ఎరుకే. మాకు లంబాడోళ్లకు మాట మరువకుండ నాయక్ ఉన్నడు. నీకు ఎవరున్నరు? నేనే ఉన్న. అందుకె అడుగుతున్న. నీ పనులల్ల ఒక్కటంటె ఒక్కటి ఇంకొకరికి ఇయ్యి. వాళ్లు తప్పు చేస్తరు, చేయనియ్యి. మా అవ్వ ఇరవై దాటలేకున్నా బడి నడుస్తలేదా?

ఇచ్చినంక ఒక కార్డు రాయి. బాగున్న అని రాయకు, ఇదివరకు రాసినవు, నేను నమ్మిన. ఏ పని ఇచ్చినవో, ఎవరికిచ్చినవో, ఆ పేరొక్కటి రాయి చాలు. డిసెంబర్ పదిహేనో తారీఖు లోపల నాకు అందాలె.

నీ
జమ్లీ